సరస్వతీ వీణ

దక్షిణ భారత శాస్త్రీయ సంగీతంలో వాడుకలో ఉన్న మెట్ల తంత్రీవాద్యం సరస్వతీ వీణ. తతవాద్యాల్లో ఇది మీటువాద్యాల కోవకు చెందుతుంది. పొడవు సుమారు నాలుగడుగులు ఉంటుంది. దీనికి 24 మెట్లు, ఏడు తీగలు. ఏడింటిలో నాలుగు స్వరాలు పలికించడానికి, మిగిలిన మూడు శ్రుతికీ తాళానికీ ఉపయోగపడతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళల్లో ఉత్త ‘వీణ’ అన్నా ఈ వాద్యమనే అర్థం. ఉత్తరాది రుద్రవీణ, విచిత్రవీణల నుంచి వేరుగా చెప్పవలసి వచ్చినప్పుడే ‘సరస్వతీ’ అన్న విశేషణం చేరుస్తారు. తంజావూరు వీణ, రఘునాథమేళ వీణ అన్న పేర్లు కూడా ఉన్నాయి.

ఇది కచేరీ వాద్యమే కాదు, సంగీత శాస్త్రానికి కొలబద్ద కూడా. స్వరాల మధ్య దూరాలను, మేళాల లెక్కను, గమకాల తీరును శాస్త్రకారులు తరతరాలుగా వీణ మీదే చూపించారు. అందుకే కర్ణాటక సంగీత చరిత్రలో వీణ చరిత్రను విడదీసి చెప్పడం కష్టం.

ప్రాచీన వీణలు

వైదిక వాఙ్మయంలోనూ ఇతిహాసాల్లోనూ కనిపించే వీణ నేటి వీణ కాదు. ఆ కాలంలో తీగలున్న వాద్యాలన్నిటికీ అదే పేరు. వాటిలో విల్లులా వంగిన కొమ్ముకు తీగలు బిగించిన వాద్యం ముఖ్యమైనది. దానికి మెట్లు లేవు, ఒక్కో స్వరానికి ఒక్కో తీగ. అమరావతి శిల్పాల్లో స్త్రీలు ఒడిలో పెట్టుకొని వాయిస్తున్నది ఈ రకమే. సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద రాజు చేతిలో కనిపించేదీ ఇదే. భరతుని నాట్యశాస్త్రం ఏడు తీగల చిత్రవీణను, తొమ్మిది తీగల విపంచిని పేర్కొంటుంది.

శ్రుతుల లెక్కకు భరతుడు వాడుకున్నదీ వీణే. ఒకే రకమైన రెండు వీణలను ఒకే శ్రుతిలో పెట్టి, ఒకదాన్ని కదపకుండా ఉంచి, రెండోదాని తీగలను మెట్టుమెట్టుగా దించుతూ పోలిస్తే సప్తకంలో 22 శ్రుతులు ఎలా తేలుతాయో ఆయన వివరించాడు. కదపనిది ధ్రువవీణ, కదిపేది చలవీణ. (చూ. శ్రుతి.)

క్రీ.శ. మొదటి సహస్రాబ్ది గడిచేకొద్దీ విల్లు వీణ వెనకబడి, దండానికి సొరకాయ బుర్ర కట్టి తీగ లాగిన వీణలు ముందుకు వచ్చాయి. ఒకే తీగను వేర్వేరు చోట్ల నొక్కి వేర్వేరు స్వరాలు పలికించే పద్ధతి వీటితో స్థిరపడింది. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఏకతంత్రి, త్రితంత్రి, ఆలాపిని, కిన్నరి మొదలైన వీణలను వర్ణించాడు. వీటిలో కిన్నరికి మెట్లున్నాయి. నేటి వీణకు పూర్వరూపాలను వెదికేవారు ముందుగా దీని దగ్గరే ఆగుతారు.

పురాణ సంప్రదాయం సరస్వతి వీణను కచ్ఛపి అని, నారదుని వీణను మహతి అని, తుంబురుని వీణను కళావతి అని పిలుస్తుంది. సరస్వతి చేతిలో ఇప్పుడు పటాల్లో కనిపించే వీణ రూపం ఇటీవలిది. పాత విగ్రహాలు ఆయా కాలాల్లో వాడుకలో ఉన్న వీణనే ఆమెకు ఇచ్చాయి. రవివర్మ చిత్రాలు, వాటి అచ్చు ప్రతులు ఇంటింటికీ చేరాక ఒక రూపం స్థిరపడింది.

మెట్లు స్థిరపడిన తీరు

విజయనగర పాలకుడు అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రచించాడు. అందులో శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ అని తీగల శ్రుతిని బట్టి మూడు రకాలు చెప్పాడు. మెట్లను బట్టి మరో రెండు భేదాలున్నాయి. అన్ని రాగాలకూ పనికివచ్చేలా మెట్లు అమర్చినది సర్వరాగమేళ వీణ. రాగం మారినప్పుడల్లా మెట్లు జరుపుకోవలసినది ఏకరాగమేళ వీణ. తీగ మీద వాటంతట అవే వినిపించే స్వయంభూ స్వరాల ఆధారంగా మెట్ల చోటు నిర్ణయించాలని ఆయన వాదించాడు. సోమనాథుని రాగవిబోధం (1609) వీణ వాదనకు గుర్తులు కల్పించి, రాగాలను ఆ గుర్తులతో రాసి చూపింది.

నేటి రూపాన్ని సంప్రదాయం తంజావూరు పాలకుడు రఘునాథ నాయకునికీ (పాలన 1600–1634), ఆయన మంత్రి గోవింద దీక్షితులకూ ఆపాదిస్తుంది. రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన కవి. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు కదలకుండా బిగించిన వీణ ఆయన పేరుతోనే రఘునాథమేళ వీణ అయింది. సర్వరాగమేళం ఆలోచన రామామాత్యునికే ఉంది కనుక ఇది ఒక్కరోజులో పుట్టిన కొత్త ఊహ కాదు. పాత ఊహకు చివరికి దొరికిన గట్టి రూపం అనడం సరైనది.

గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో పన్నెండు స్వరస్థానాల నుంచి 72 మేళాలు లెక్కగట్టాడు. పన్నెండు మెట్లు కళ్లముందు బారు తీరి ఉన్న వాద్యం లేకపోతే ఆ లెక్క అంత సులువుగా తోచేది కాదేమో. (చూ. మేళకర్త.)

నిర్మాణం

వీణలో ప్రధాన భాగాలు మూడు: కుండ, దండి, తల. కుండ (కుడం అని కూడా అంటారు) గుండ్రటి బోలు గిన్నె. దాని మీద పలచటి చెక్క పలక మూతగా ఉంటుంది. పలక మీద చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. దండి కూడా లోపల బోలే. తల కిందికి వంగి యాళి ముఖంతో ముగుస్తుంది. దండి కింద, తలకు దగ్గరగా బిగించే బుర్ర ఒకప్పుడు ఎండు సొరకాయ. ఇప్పుడు కాగితపు గుజ్జుతోనో లోహంతోనో ఫైబరుతోనో చేస్తున్నారు. నాదాన్ని పెంచడంలో దాని వంతు తక్కువ. వాయించేటప్పుడు ఎడమ తొడ మీద వీణ నిలవడానికి ఆసరాగానే అది ఎక్కువ ఉపయోగం.

కలప ప్రధానంగా పనస. తేలికగా ఉండడం, తొలచడానికి అనువుగా ఉండడం, ఎండాక పగలకపోవడం, నాదం నిలవడం దీని గుణాలు. కుండ, దండి, తల మూడూ ఒకే దుంగలో తొలిస్తే అది ఏకాండ వీణ. విడివిడిగా చేసి అతికితే అతుకు వీణ. అతుకు దగ్గర నాదం తెగుతుందని ఏకాండ వీణను మెచ్చుకునే వైణికులు చాలామంది. అంత లావు పనస దుంగ దొరకడం కష్టం కనుక అతుకు వీణలే ఎక్కువగా అమ్ముడవుతాయి.

తీగలు కుండ చివర నాగపాశం అనే లోహపు కొక్కేనికి మొదలై, పలక మీద తీగలను మోసే గుర్రం మీదుగా, మెట్ల పైనుంచి, దండికి తల వైపు చివర ఉండే మేరువు దాటి, తలలోని బిరడలకు చుట్టుకుంటాయి. గుర్రం చెక్కతో చేసినది. దాని నెత్తిన కొద్దిగా ఉబ్బుగా ఉండే లోహపు రేకు ఉంటుంది. తాళపు తీగలకు పక్కగా వంపు తిరిగిన మరో చిన్న గుర్రం ఉంటుంది. బిరడ తిప్పితే శ్రుతి ఎక్కువ మేర మారుతుంది. నాగపాశం దగ్గర తీగలకు ఉండే లంగర్లను జరిపితే సన్నని సవరణ కుదురుతుంది.

మేళం కట్టడం

మేళం కట్టడమంటే దండి మీద మెట్లు అమర్చడం. తయారీలో అందరికీ చేతకాని పని ఇదే. దండి రెండు అంచుల వెంట తేనెమైనం, గుగ్గిలం, మసి కలిపి వేడి చేసిన ముద్దతో నల్లటి గట్లు వేస్తారు. మెత్తగా ఉండగానే ఇత్తడి లేదా కంచు మెట్లను గట్ల మీద నిలిపి, తీగ మీటి వింటూ ఒక్కొక్కదాన్ని వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుపుతారు. మైనం బిగుసుకునేలోగా చెవి ఒప్పుకోవాలి. మెట్ల ఎత్తు కూడా ముఖ్యమే. ఒక మెట్టు ఎత్తు పెరిగితే దాని వెనక మెట్టు మీద నొక్కిన తీగ దానికి తగిలి గరగరమంటుంది.

గుర్రం నుంచి మేరువుకు తీగ 84 సెంటీమీటర్లు అనుకుంటే, పై షడ్జమం పలికే పన్నెండో మెట్టు గుర్రానికి 42 సెంటీమీటర్ల దూరంలో, పంచమం పలికే ఏడో మెట్టు 56 సెంటీమీటర్ల దూరంలో, ఇరవై నాలుగో మెట్టు 21 సెంటీమీటర్ల దూరంలో పడాలి. మేరువుకూ మొదటి మెట్టుకూ మధ్య దాదాపు అయిదు సెంటీమీటర్లు ఉంటే, చివరి రెండు మెట్ల మధ్య ఒక సెంటీమీటరు పైచిలుకే ఉంటుంది. అయితే నొక్కినప్పుడు తీగ కొంచెం బిగుసుకొని శ్రుతి పెరుగుతుంది. అందుకే లెక్క చూపిన చోట కాక, చెవి చూపిన చోట మెట్టు నిలుపుతారు.

ఎండకు మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. తీగ లాగి లాగి మెట్ల నెత్తిన గాడి పడుతుంది. కొన్నేళ్లకొకసారి మైనం కరిగించి మేళం మళ్లీ కట్టించుకోవలసిందే. ఆ పని తెలిసినవారు ఊరూరా లేకపోవడం నేటి వైణికుల పెద్ద ఇబ్బందుల్లో ఒకటి.

తీగలు, శ్రుతి

వాయించే నాలుగు తీగలు వరసగా సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. సారణి మధ్యస్థాయి షడ్జమానికి, పంచమం మంద్రస్థాయి పంచమానికి, మంద్రం మంద్రస్థాయి షడ్జమానికి, అనుమంద్రం దానికీ కింది పంచమానికి శ్రుతి చేస్తారు. మొదటి రెండూ ఉక్కు తీగలు. కింది రెంటికీ మరింత లావు తీగలో, లోహం చుట్టిన తీగలో వాడతారు. మూడు తాళపు తీగలు పక్కసారణి, పక్కపంచమం, హెచ్చుసారణి. ఇవి మధ్య షడ్జమం, పంచమం, తారషడ్జమాలకు ఉంటాయి.

ఒక్కో తీగ మీద రెండు స్థాయిలు పలుకుతాయి. అనుమంద్ర పంచమం నుంచి లెక్కిస్తే మొత్తం పరిధి మూడున్నర స్థాయిలు. మామూలు కంఠం అందుకోగల పరిధి కన్నా ఇది ఎక్కువ.

నాదం

మీటిన తీగలో మూల స్వరంతో పాటు దాని అనుస్వరాలు కూడా కలిసి మోగుతాయి. తీగను సరిగ్గా ఒక అనుస్వరపు నిశ్చల బిందువు దగ్గర మీటితే ఆ అనుస్వరం వినిపించకూడదని భౌతికశాస్త్ర నియమం. వీణ, తంబురలు ఈ నియమానికి లొంగడం లేదని సి.వి. రామన్ 1921లో ప్రచురించిన పరిశోధనలో చూపాడు. వినిపించకూడని అనుస్వరాలు కూడా బలంగా వినిపించాయి. కారణం గుర్రం ఉబ్బులో ఉంది. తీగ వాడి అంచు మీద ఆనకుండా వంపు మీద ఆనుతుంది. కంపించేటప్పుడు ఆ వంపును ఒరుసుకుంటూ, వదులుతూ ఉంటుంది. ప్రతి ఒరిపిడీ తీగలోకి కొత్త అనుస్వరాలను పంపుతుంది. గుర్రం మీది రేకును ఆకురాయితో సరిచేయడానికి పనివారు గంటల కొద్దీ తంటాలు పడేది ఈ వంపు కోసమే. తంబురలో ఇదే గుణాన్ని దారపు పోగుతో ఇంకా పెంచుతారు. (చూ. తంబుర.)

వాదన విధానం

వైణికుడు పద్మాసనం వంటి బాసిపట్టు వేసుకొని, కుండను కుడి వైపు నేల మీద, బుర్రను ఎడమ తొడ మీద ఆనించి, దండిని అడ్డంగా పెట్టుకుంటాడు. కారైకుడి సోదరులుగా పేరొందిన వైణికుల్లో సుబ్బరామయ్యర్ వీణను నిలువుగా పట్టి వాయించేవాడు. అది అరుదైన పద్ధతి.

కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు తీగలను మీటుతాయి. చిటికెనవేలు కింది నుంచి పైకి తాళపు తీగలను తాకుతూ తాళం దెబ్బలు చూపుతుంది. గోటితో మీటితే నాదం పదునుగా, వేలి కొసతో మీటితే మెత్తగా వస్తుంది. గోటికి బదులు లోహపు నఖాలు తొడిగేవారూ ఉన్నారు. ఎడమచేతి చూపుడు, నడిమివేళ్లు తీగను మెట్టు మీద నొక్కుతాయి. అవి రెండూ జంటగా కదలవచ్చు, విడిపోయి రెండు మెట్ల మధ్య దాటువేయవచ్చు. వేలి కొసల్లో కాయలు కాసి తీగ గాడి పడుతుంది. జారుడు సులువు కావడానికి కొబ్బరినూనెలో తడిపిన దూది దగ్గర పెట్టుకోవడం వైణికుల్లో మామూలు.

మెట్లు కదలవు, స్వరాలు మాత్రం కదలాలి. తోడి గాంధారం ఏ ఒక్క మెట్టు మీదా నిలిచి ఉండదు. దానిని కింది మెట్టు మీద నుంచే తీగను పక్కకు లాగి రాబడతారు. ఒక మెట్టు మీద నుంచి ఇలా మూడు నాలుగు స్వరాల ఎత్తు దాకా వెళ్లవచ్చు. జారు, కంపితం, స్ఫురితం, నొక్కు మొదలైన గమకాలకు వీణ మీద స్పష్టమైన చేతిపని ఉంది. సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో ఉండి తెలుగు లిపిలో 1904లో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాల గుర్తులను వీణ వాదనతో అనుసంధించి వివరించాడు. (చూ. గమకం.)

తానం వీణ సొత్తు. తాళం కట్టు లేకుండా, లయ మాత్రం నిలుపుకుంటూ, మీటుల వరసలతో రాగాన్ని విస్తరించడం తానం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే ఘనరాగ పంచకానికి ఇది ప్రత్యేకించి తగినది. గాయకులు పాడే తానంలోనూ మీటు నడకే వినిపిస్తుంది.

బాణీలు, వైణికులు

తంజావూరు, మైసూరు, ఆంధ్ర బాణీలని మూడుగా చెప్పడం వాడుక. తంజావూరు బాణీ గానానికి దగ్గరగా, తీగ లాగుడుకు ప్రాధాన్యమిస్తుందనీ, మైసూరు బాణీలో మీటు స్పష్టత, నిలకడ ఎక్కువనీ, ఆంధ్ర బాణీలో వేగం, వాద్యానికే ప్రత్యేకమైన ప్రయోగాలు ఎక్కువనీ అంటారు. ఈ విభజన మోటుగా చేసిన గీత. ఒక బాణీలోనే గురుపరంపరను బట్టి పెద్ద తేడాలున్నాయి.

వాగ్గేయకారుల్లో ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) వైణికుడు. ఆయన కృతుల విలంబ నడక, దీర్ఘ సంచారాలు వీణ మీద సహజంగా ఒదుగుతాయి. మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938) తన ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు కొద్దిమంది రసికుల ముందు వాయించేది. ఆ వాదన వినడానికి పేరున్న విద్వాంసులు వచ్చి మౌనంగా కూర్చునేవారు. నర్తకి బాలసరస్వతి, గాయనులు బృంద, ముక్త ఆమె మనుమరాళ్లు. కారైకుడి సాంబశివయ్యర్ (1888–1958), మైసూరు ఆస్థానంలో వీణ శేషణ్ణ (1852–1926), తర్వాతి తరంలో దొరైస్వామి అయ్యంగార్ (1920–1997), మద్రాసుకు చెందిన ఎస్. బాలచందర్ (1927–1990) ప్రసిద్ధులు. బాలచందర్ సినిమా దర్శకుడు కూడా.

తెలుగు సీమలో సంస్థానాలు వీణను పోషించాయి. విజయనగరంలో వీణ వెంకటరమణదాసు, పిఠాపురంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి ఆస్థాన వైణికులు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల ఏర్పడింది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి (1922–1987) మద్రాసు జెమినీ స్టూడియోలోనూ ఆకాశవాణిలోనూ పనిచేసి వాద్యబృంద రచనలకు వీణను కేంద్రం చేశాడు. ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు (1936–1996), వీణ మీద పక్షికూతల్ని, గుడిగంటల్ని పలికించి శాస్త్రీయ సంగీతం తెలియని శ్రోతలను కూడా రాబట్టాడు. ఆ ప్రయోగాలు చమత్కారాలని నొసలు చిట్లించినవారు, వీణకు శ్రోతల్ని పెంచినవి అవేనన్నవారు ఇద్దరూ ఉన్నారు.

తయారీ కేంద్రాలు

విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. బొబ్బిలి సంస్థానం ఆదరణలో ఈ పని పెరిగింది. ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండ వీణ ఇక్కడి ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించింది. పూర్తి వీణలతో పాటు జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న వీణలు ఇక్కడ ఎక్కువగా అమ్ముడవుతాయి. నూజివీడు కూడా వీణల తయారీకి పేరున్న ఊరే. భౌగోళిక గుర్తింపు పొందిన మరో కేంద్రం తంజావూరు. మైసూరు, తిరువనంతపురాల్లోనూ వీణలు చేస్తారు.

కచేరీలో స్థానం

పంతొమ్మిదో శతాబ్దంలో గాయకునికి తోడుగా వయొలిన్ స్థిరపడడంతో, పక్కవాద్యంగా వీణ వాడుక సన్నగిల్లింది. నాదం చిన్నది, మీటిన వెంటనే తరగడం మొదలవుతుంది. పెద్ద సభామందిరాల్లో ఇది లోపమైంది. ఇరవయ్యో శతాబ్దంలో మైకు, తర్వాత వాద్యానికే అంటించే కాంటాక్ట్ మైకు ఆ కొరత తీర్చాయి. అయితే తీగ ఒరిపిడి, మెట్ల చప్పుడు కూడా పెద్దవై వినిపిస్తాయని, కుండ నాదపు గుండ్రదనం పోతుందని కొందరి అభ్యంతరం. ఇరవై ఒకటో శతాబ్దం తొలి ఏళ్లలో విడదీసి మోసుకుపోగల ఎలక్ట్రానిక్ వీణ కూడా వచ్చింది. దూరదేశాల్లో వీణ నేర్చుకునేవారికి విమాన ప్రయాణం, ఎండావానల మార్పుకు చెక్క పగలడం పెద్ద సమస్యలు కనుక దానికి గిరాకీ ఉంది. మైనానికి బదులు మరలతో బిగించే మెట్లు కూడా కొన్ని చోట్ల వాడుతున్నారు.

సంబంధిత వాద్యాలు

రుద్రవీణ: వెదురు లేదా కర్ర దండానికి రెండు పెద్ద బుర్రలు కట్టిన ఉత్తరాది మెట్ల వీణ. ధ్రుపద సంప్రదాయానికి చెందినది. జియా మొహియుద్దీన్ డాగర్, అసద్ అలీఖాన్ దీనిలో ప్రసిద్ధులు.

విచిత్రవీణ: మెట్లు లేని ఉత్తరాది వీణ. తీగ మీద గాజు గుండు జార్చి వాయిస్తారు.

గోటువాద్యం (చిత్రవీణ): ఆకారంలో సరస్వతీ వీణకు దగ్గరగా ఉండి మెట్లు లేనిది. నున్నటి కర్ర కడ్డీని తీగల మీద జార్చి స్వరాలు పలికిస్తారు. పేరు ఒకటే అయినా నాట్యశాస్త్రంలోని ఏడు తీగల చిత్రవీణ వేరు.

చూడదగిన ఇతర శీర్షికలు: గమకం, తంబుర, తానం, మేళకర్త, శ్రుతి, సితార్.